ఎత్తి లాగండి

మా కొండ మీద ఇప్పుడు ఒక్కటి తప్ప ఏ ఇంటి తలుపూ బిగుతుగా పడదు. కాస్త గాలి వీస్తే చాలు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అన్నీ టపటపా కొట్టుకుంటాయి. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకి మొదట్లో నిద్ర పట్టదు. "ఎవరండీ ఇంత దిక్కుమాలిన తలుపులు చేసిన మహానుభావుడు?" అని నా పళ్ళబండి దగ్గర ఒకాయన నవ్వుతూ అడిగాడు. "నా తమ్ముడు" అన్నాను. పాపం, నాలిక కరుచుకుని, కావలసినదానికంటే ఎక్కువే కమలాలు కొనుక్కుని వెళ్ళిపోయాడు.

అవి చేసినప్పుడు అలా లేవు. నా తమ్ముడు తలుపు బిగిస్తే చీమ కూడా అడిగి లోపలికి రావాలనేవారు. చిత్రిక పట్టడం, రెక్కని ద్వారబంధంలో నిలబెట్టడం, సందులో కాగితం దూర్చి చూడడం. కాగితం దూరిందా, మళ్ళీ మొదటికి. ఇంటివాళ్ళు "చాల్లే మేస్త్రీ, ఇది ఇల్లు, ఇనప్పెట్టె కాదు" అని మొత్తుకున్నా వినేవాడు కాదు. ఎదురుగా మేస్త్రి గారు, వెనకాల బిగువు మేస్త్రి. కొండ మీదా, కింద రేవు పక్క సందులోనూ ఉన్న ఇళ్ళన్నిటికీ వాడి తలుపులే. వాడి ఇల్లూ ఆ రేవు సందులోనే ఉండేది.

అంత బిగుతు తలుపు వానాకాలం ఉబ్బితే ఇంకేముంది? లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట. జనం వచ్చి తిట్టిపోసేవారు. వాడు ఏమాత్రం కంగారు పడకుండా ఒకటే మాట చెప్పేవాడు. "పిడి పట్టుకుని ఎత్తి లాగండి. బలం కాదు, ఒడుపు కావాలి." నిజంగానే ఎత్తి లాగితే వచ్చేసేది. చివరికి సందులో నడక రాని పిల్లలకి తప్ప అందరికీ ఆ ఒడుపు వచ్చేసింది. అల్లుడు అలిగి మూల కూర్చున్నా, బడికి వెళ్ళనని పిల్లాడు మొరాయించినా "ఎత్తి లాగండి" అని నవ్వుకునేవారు. ఆ మాట వాడిది. దానికి వాడు లోలోపల మురిసిపోయేవాడని నాకు తెలుసు.

మా మరదలు మాత్రం వాణ్ణి ఆటపట్టించేది. "మీ తమ్ముడికి నామీద కంటే తలుపుల మీద ప్రేమెక్కువ వదినా. నేను పుట్టింటికి వెళ్తే వెతకడు, సందు కనిపిస్తే మాత్రం అన్నం మానేస్తాడు" అనేది. వాడు చెవి మీది పెన్సిల్ సర్దుకుంటూ "సందు ఉన్నచోట గాలి దూరుతుంది, నీ నోరున్నచోట గాలికి కూడా చోటుండదు" అనేవాడు. పిల్లలు కలగలేదు వాళ్ళకి. ఆ లోటుని ఇద్దరూ వేళాకోళంతో పూడ్చుకున్నారనుకుంటాను. మరదలు గయ్యాళిది కాదు గానీ నోరు పెద్దది. సందులో ఎవరింట్లో ఏం జరిగినా తాను లేకుండా జరగకూడదు. "ఊళ్ళో గొడవలన్నీ నీకెందుకే?" అని నేనెన్నిసార్లు తిట్టానో.

ఆ రోజు వాడు కొండ మీద ఆస్పత్రిలో కొత్త గదులకి తలుపులు బిగిస్తున్నాడు. వెళ్ళేముందు ఉలి ఒకటి ఇంట్లో వదిలేశాడు. దాని అంచు మీద చిన్న పెచ్చు లేచిపోయింది. ఆ ఉలితో కొయ్యని ఎక్కడ నొక్కినా పెచ్చు పోయినచోట దారప్పోగంత గీత ఉబ్బి మిగిలిపోతుంది, పని పాడు. "ఇక్కడ పడేసి వెళ్ళు, సాన పట్టించి ఉంచుతా" అందట మరదలు.

మధ్యాహ్నం భూమి కదిలింది. నా బండి మీది కమలాలన్నీ రోడ్డు మీద పడి దొర్లాయి. లోకం ఊగిపోతుంటే నేను వంగి పళ్ళు ఏరుకుంటున్నాను, చూడండి నా తెలివి! కదలడం ఆగాక ఎవరో సముద్రం వెనక్కి పోయింది, పైకి రండి, పైకి రండి అని అరిచారు. రేవు నుంచి కొండకి మెట్లున్నాయి. జనం ఆ మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కుతున్నారు. నా తమ్ముడు మెట్ల పైన నిలబడి వచ్చే ప్రతి మొహమూ చూస్తున్నాడు. మొహాలు అయిపోయాయి. వాడు దిగబోయాడు. నేనూ ఇంకొందరూ పట్టుకున్నాం. అప్పుడు నీళ్ళు వచ్చాయి. నల్లగా, బండ్లనీ పడవలనీ ఇంటికప్పులనీ మోసుకుంటూ సందులోకి నడిచి వచ్చాయి. సందు ఉన్నచోట సందు లేదు. మరదలు పైకి రాలేదు. తర్వాతా దొరకలేదు.

ఆ తర్వాత జనాన్ని చూడాలి. మనుషుల మీద నాకున్న కాస్త గౌరవం కూడా ఆ నెలల్లోనే సగం పోయింది, సగం పెరిగింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు లారీల నిండా బట్టలు పంపారు. వాటిలో ఒక పెళ్ళికూతురి జరీ జాకెట్టు కూడా ఉంది, ఎవరు తొడుక్కోవాలో. ఒకావిడ ఎక్కడి నుంచో వచ్చి, ఏమీ మాట్లాడకుండా, మా పాకలో గిన్నెలన్నీ తోమి వెళ్ళిపోయింది. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇంకో రకం. బస్సు దిగడం, నా దగ్గర పళ్ళు కొనడం, "నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయమ్మా?" అని అడగడం. "నీ పీకలదాకా వస్తే తెలిసేది" అని ఒకడితో అన్నాను కూడా. ఎవడో తాగుబోతు "మళ్ళీ వస్తోంది" అని అరిస్తే ఊరు ఊరంతా పొయ్యి మీది అన్నం వదిలేసి కొండ కొమ్ముకి పరుగెత్తింది. అందరం చెప్పుల్లేకుండా నిలబడి, నిమ్మళంగా ఉన్న సముద్రాన్ని చూశాం. ఎవరికీ నవ్వు రాలేదు.

వీళ్ళందరి మధ్యా మా వీధి మంగలి ఒకడున్నాడు. రేడియో అని పిలుస్తాం. ఒంటి మీద చుక్క నీరు పడలేదు గానీ సముద్రం గురించి వాడికి తెలిసినంత సముద్రానికి కూడా తెలియదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం. ఓ రోజు నా బండి ముందే పదిమందిని పోగేసి మొదలుపెట్టాడు. "రేవు సందులో అంతమంది ఎందుకు పోయారంటారు? తలుపులు! కిటికీలోంచి దూకి బతికినవాళ్ళు చెప్పారు. తలుపులు పట్టేశాయిట. ఎత్తి లాగారట పాపం. ఎత్తినకొద్దీ ఇంకా బిగుసుకున్నాయిట."

కమలాపండు విసిరాను. తగిలింది కూడా. కానీ నా తమ్ముడు అప్పటికే నా వెనక నిలబడి ఉన్నాడు.

పాకలోకి వచ్చాక నేలకేసి చూస్తూ చెప్పాడు. "వానకి ఉబ్బిన తలుపు వేరు అక్కా. అప్పుడు రెక్క కింద గడపకి ఒరుసుకుంటుంది, అందుకని ఎత్తమన్నాను. భూమి కదిలితే గోడ కుంగి ద్వారబంధం పైకమ్మి కిందికి దిగుతుంది. అప్పుడు ఎత్తితే కమ్మికే బిగుసుకుంటుంది. కిందికి అణచాలి. అది నేనెవరికీ చెప్పలేదు. నాకే తట్టలేదు." తర్వాత అన్నాడు, "అదీ ఎత్తే ఉంటుంది."

అది అంటే మరదలు. వాడికి ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆమె పోయిందని ఒప్పుకున్నాడు. ఎలా పోయిందన్నదే వాణ్ణి తినేసింది. నీళ్ళు వచ్చేటప్పుడు ఆమె వాడు చేసిన తలుపు వెనక, వాడు నేర్పిన ఒడుపుతో, ఎత్తి లాగుతూ ఉందా?

కొండ మీద వాడికిచ్చిన గదికి వాడు తలుపు పెట్టుకోలేదు. ఒక దుప్పటి వేలాడదీశాడు. అన్నం తీసుకుని వెళ్తే ఖాళీ గుమ్మం ముందు నిలబడి ఉండేవాడు. కుడిచెయ్యి గాలిలో పిడి పట్టుకున్నట్టు ముడుచుకుని, కాస్త పైకెత్తి, వెనక్కి లాగేది. మళ్ళీ ఎత్తి, మళ్ళీ లాగేది. నేను పిలిస్తే ఉలిక్కిపడి చెయ్యి దాచుకునేవాడు. చూడలేక నేను బయటికి వచ్చేసేదాన్ని. ఆ గుమ్మంలో ఎవరో లోపల ఉన్నారనీ, మేమందరం బయట నిలబడి వింటున్నామనీ నాకే అనిపించేది.

జనం వాణ్ణి మొహం మీద ఏమీ అనలేదు. అంతకంటే ఘోరమైన పని చేశారు. మర్యాదగా వచ్చారు. "మేస్త్రి గారూ, ఏమనుకోకండి, మా తలుపు కాస్త వదులు చేస్తారా? పిల్ల భయపడుతోంది." "మేస్త్రి గారూ, గడియ తీసేస్తారా?" అడిగినవాళ్ళ ఇంటికల్లా వెళ్ళాడు. చిత్రిక పట్టి పట్టి, వేలు దూరే సందు వచ్చేదాకా కోశాడు. అడగనివాళ్ళ ఇంటికీ వెళ్ళాడు. జీవితమంతా సందు లేకుండా చెయ్యడానికి తంటాలు పడినవాడు, తన చేత్తోనే ఊరంతటికీ సందులు పెట్టాడు. పిల్లులు దర్జాగా వచ్చి నా పాలు తాగి వెళ్తున్నాయిరా అంటే, "వెళ్తున్నాయి కదా అక్కా, అది చాలు" అన్నాడు.

రేవు సందులో అద్దెకుండే కుట్టుమిషన్ పిల్ల ఒకతె బతికింది. ఎవరూ లేని పిల్ల, కొండ మీదే ఒక వసారాలో మిషన్ పెట్టుకుంది. ఆ పిల్ల నా తమ్ముణ్ణి చూస్తే చాలు, రోడ్డుకి ఆ పక్కకి తప్పుకునేది. వాడు "తప్పేముంది, నా తలుపే కదా" అని తలవంచుకునేవాడు. నాకు మాత్రం మండేది. ఒకసారి బండి దగ్గరికి వస్తే పట్టుకున్నాను. "నా తమ్ముడు నీకేం ద్రోహం చేశాడే? తలుపు బిగుతుగా చెయ్యడం నేరమా? వాడి పెళ్ళామూ పోయింది కదే!" అన్నాను. ఆ పిల్ల తీసుకున్న పండు బండి మీదే పెట్టి వెళ్ళిపోయింది.

రేవులో చెత్త ఎత్తేవాళ్ళు కొయ్యంతా ఒకచోట కుప్ప పోశారు. పనికొచ్చేది ఎవరికి కావాలంటే వాళ్ళు తెచ్చుకోవచ్చన్నారు. టీ కొట్టతను ఒక తలుపు రెక్క తెచ్చి, రెండు డబ్బాల మీద పరిచి బల్ల చేసుకున్నాడు. నేను గ్లాసు పెట్టబోయి ఆగిపోయాను. చిలకపచ్చ రంగు. ఉప్పునీటికి చాలా పోయినా అంచుల్లో మిగిలి ఉంది. అది మూలింటి ముసలమ్మ తలుపు. చిలకపచ్చే కావాలని నా తమ్ముడితో పెద్ద యుద్ధం చేసి వేయించుకుంది. ముసలమ్మా పోయింది. మరదలి ఇంటికి పక్కిల్లే అది.

"దీన్ని తగలెయ్యి. మా వాడి కంట పడనివ్వకు" అని టీ కొట్టతనికి చెబుతున్నాను. కానీ రేడియో ఉండగా ఏం దాగుతుంది? నా గ్లాసు చల్లారకముందే నా తమ్ముడు వచ్చేశాడు. వెనకాల పదిమంది.

వాడు గ్లాసులన్నీ పక్కకి తీసి, బల్లని గోడకి నిలబెట్టాడు. ముందు లోపలివైపు అరచేత్తో తడిమాడు. ఏం వెతుకుతున్నాడో అందరికీ తెలుసు. గోళ్ళ గీతలు. గీతలేవీ లేవు. ఉన్నా ఉప్పునీళ్ళు ఉంచేవి కావేమో. తర్వాత రెక్క తిప్పి బయటివైపు చూశాడు. గడియ ఉండే ఎత్తులో, అంచు పొడుగునా కొయ్య నలిగి ఉంది. లోతైన నొక్కులు, ఒకదాని పక్కన ఒకటి. ఎవరో సందులో ఇనుము దూర్చి పెకలించబోయినట్టు.

"దొంగలై ఉంటారు" అన్నాడు రేడియో. "నీళ్ళు తీశాక దొంగలు పడ్డారు కదా."

నా తమ్ముడు వినలేదు. ఒక నొక్కులో వేలు పెట్టి అటూ ఇటూ కదిపాడు. ఇంకోదాంట్లో పెట్టాడు. నా చెయ్యి పట్టుకుని, నా వేలు తీసి అందులో పెట్టాడు. నొక్కు మధ్యలో దారప్పోగంత గీత ఉబ్బి తగిలింది.

"నా ఉలి అక్కా" అన్నాడు. "ఇంట్లో వదిలి వెళ్ళిన ఉలి." రెక్క అంచు తట్టాడు. "బయటివైపు. చూడు, బయటివైపు."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక అక్కడే మట్టిలో కూలబడ్డాను.

తలుపు మోసుకుని గదికి తెచ్చుకున్నాడు. సాయంత్రం నేను కంచంలో అన్నం పెట్టి తినమని బతిమాలుతుంటే దుప్పటి కదిలింది. కుట్టుమిషన్ పిల్ల. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. రేడియో వల్ల ఊరికి ఒక్క మంచి జరిగిందంటే అది ఇదే. వార్త ఆ పిల్లదాకా వెళ్ళింది.

"బాబాయ్" అంది. "పిన్ని బయటే ఉంది. నాకు తెలుసు."

నా తమ్ముడు లేచి నిలబడ్డాడు. చేతికి అంటిన అన్నం అలాగే ఉంది.

"నా తలుపు పట్టేసింది. నేను ఎత్తి లాగుతున్నా, ఎంతకీ రావట్లేదు. బయట నుంచి పిన్ని కొట్టింది. 'ఎత్తుతున్నావా?' అని అరిచింది. అవును పిన్నీ, రావట్లేదన్నాను. 'ఎత్తకే తల్లీ! పైకమ్మి దిగింది. పిడి పట్టుకుని కిందికి వేలాడు, నేను తోస్తా' అంది. వేలాడాను. వచ్చేసింది. పిన్ని కాళ్ళకి చెప్పులు లేవు. చేతిలో ఉలి ఉంది. పద పిన్నీ అని చెయ్యి పట్టుకుని లాగాను. 'ముసలమ్మ లోపలే ఉంది. నా మొగుడి తలుపులు నా మాట తప్ప ఎవరి మాటా వినవు. నువ్వు నడు, నేనొస్తా' అంది. నేను పరుగెత్తాను. సందు మలుపుదాకా వినిపిస్తూనే ఉంది. 'ఎత్తకు ముసలిదానా, ఎత్తకు' అని తిడుతోంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు బాబాయ్."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అని నేను అరిచాను.

"ఏ మొహం పెట్టుకుని చెప్పను పెద్దమ్మా? నన్ను బతికించి ఆవిడ పోయిందని ఎలా చెప్పను? ఈయన్ని చూసినప్పుడల్లా ఆ అరుపే వినిపిస్తుంది."

నా తమ్ముడు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాడు. ఏమంటాడో అని నాకు భయం వేసింది. "ఎత్తొద్దంది కదా?" అని అడిగాడు. "ఎత్తొద్దంది" అని ఆ పిల్ల తలూపింది. "అది నేను నేర్పలేదు అక్కా" అని వాడు నా వైపు తిరిగాడు. "నాకే తట్టలేదది. దానికి తట్టింది." అప్పుడు ఏడ్చాడు. మెట్ల పైన నిలబడిన రోజు నుంచి ఏడవనివాడు, ఎంగిలి చేత్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తన తలుపు తీసుకుని బయటపడింది కదా, మెట్లు ఎదురుగా ఉన్నాయి కదా, ఊళ్ళో గొడవలన్నీ నీకెందుకే అని ఇంకోసారి తిట్టాలనిపించింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. కుట్టుమిషన్ పిల్లని చూసినప్పుడు మాత్రం కాస్త తగ్గుతుంది.

ఊరి సంగతి అడగాలా? చచ్చినవాడి కళ్ళు చారెడు. బతికున్నప్పుడు మరదలి నోటికి జడిసి పక్క సందులోంచి వెళ్ళినవాళ్ళంతా ఆమెకి ప్రాణస్నేహితులైపోయారు. తలుపుని అద్దాల పెట్టెలో పెట్టి అందరికీ చూపిద్దామని పెద్దమనుషులు వచ్చారు. రేడియో అయితే ఉలి ఎలా పట్టుకుందో తాను చూసినట్టే అభినయించి చూపిస్తున్నాడు. నా తమ్ముడు అందరికీ దణ్ణం పెట్టి పంపేశాడు. దుప్పటి తీసేసి, ఆ చిలకపచ్చ తలుపు తన గుమ్మానికే బిగించుకున్నాడు. నొక్కులు బయటికే ఉంచాడు. దాన్ని ఒక్క నూలుపోగంత కూడా చిత్రిక పట్టలేదు. కాగితం కూడా దూరదు. కొండ మీద బిగుతుగా పడే తలుపు అదొక్కటే.

మొన్న ముసురు పట్టింది. అన్నం గిన్నె తీసుకుని వెళ్ళాను. తలుపు ఉబ్బి పట్టేసింది. గడియ వాడెప్పుడూ వెయ్యడు, అయినా కదలదు. "తెరవరా సన్నాసీ, తడిసిపోతున్నాను" అని అరిచాను. భుజం పెట్టి తోశాను. కొయ్య కిర్రుమంది, రాలేదు. ఉలి నొక్కులు నా బుగ్గకి తగులుతున్నాయి. ఆ రోజు మరదలు నిలబడింది ఈ వైపే. లోపల వాడు తలుపుకి ఆనుకుని కూర్చున్నట్టుంది, ఊపిరి వినిపిస్తోంది.

"ఒరేయ్, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది" అన్నాడు లోపల నుంచి, మెల్లగా. "ఇంకొక్కసారి తొయ్యి అక్కా."

గిన్నె కింద పెట్టి, రెండు చేతులతో తోశాను.